పదకొండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, మునిసిపల్ స్టేడియంలో గోల్ గీతకూ పెనాల్టీ చుక్కకూ మధ్య దూరం పదకొండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లుగా తేలింది. ఉండాల్సింది పదకొండు మీటర్లు. కొలిచినావిడ అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య పంపిన అధికారిణి. మొదటిసారి కొలిచి టేపు వంక చూసింది. రెండోసారి కొలిచి గోల్‌పోస్టు వంక చూసింది. మూడోసారి కొలిచి, టేపు చుట్టేసి, అక్కడ నిలబడ్డవాళ్లని వరసగా చూసుకుంటూ వచ్చి, సున్నం బకెట్టు పట్టుకున్న మనిషి దగ్గర ఆగింది. ఆ మనిషి బకెట్టు కింద పెట్టలేదు. పెడితే గడ్డి మీద గుండ్రంగా మరక పడుతుందని ఆయన భయం. అధికారిణి అవతలి కొసకి నడిచి వెళ్లి రెండో చుక్క కూడా కొలిచింది. అదీ డెబ్బయ్యే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పక్షపాతం మాత్రం లేదు.

బకెట్టు పట్టుకున్న మనిషిని ఊళ్లో అందరూ గీతలాయన అంటారు. ఇరవై మూడేళ్లుగా ఆ మైదానంలో సున్నం గీతలు గీసేది ఆయనే. ఆయన ఇంట్లో చాప గోడకి సమానంగా పరవాలి, చెప్పులు గడపకి సమానంగా విడవాలి. ఎదుటివాడి తలలో పాపిట వంకరగా ఉంటే వాడు చెప్పేది ఆయన బుర్రకెక్కదు. ఇన్నేళ్లలో ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. ఆయన లెక్కలో ఫుట్‌బాల్ అంటే ఇరవై ఇద్దరు మనుషులు తొంభై నిమిషాలు కష్టపడి ఆయన గీతల్ని చెరిపెయ్యడం. ఆట అయ్యాక ఇంటికెళ్తే, ఎవరు గెలిచారని భార్య అడిగితే, "కుడి మూల పూర్తిగా పోయింది. నడి గీత సగం మిగిలింది," అని చెప్పేవాడు. ఆవిడ అడగడం మానేసి చాలా కాలమైంది.

అలాంటి మనిషి ఆర్నెల్లుగా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎందుకంటే పదిహేడేళ్ల లోపు కుర్రాళ్ల అంతర్జాతీయ పోటీలు వస్తున్నాయి. పదహారు దేశాల జట్లు, ఆరు ఊళ్లు. అందులో ఈ ఊరి వాటాకి మూడు ఆటలు పడ్డాయి. ఆ మూడు ఆటలు ఎక్కడెక్కడి దేశాల్లోనో టీవీలో చూస్తారట. అంటే తన గీతలు చూస్తారు. మధ్యలో ఆ పిల్లలు అడ్డం వస్తారనుకోండి, అది వేరే సంగతి. ఆయన సున్నాన్ని రెండుసార్లు వడకట్టడం మొదలుపెట్టాడు. ఇక తొమ్మిది రోజులుందనగా ఈ డెబ్బై సెంటీమీటర్లు బయటపడ్డాయి.

అధికారిణి మాట్లాడే భాష ఎవరికీ తెలియదు. ఆవిడ పక్కనే ఒక అమ్మాయి నిలబడి తెలుగులో చెబుతుంది. ఆ అమ్మాయి ఒక కాగితం అందించింది. "తప్పు ఎంత అన్నది మేడమ్ రాసేశారు. ఎందుకు జరిగిందో మీరు రాయాలి. రేపు పొద్దున్నకల్లా ఇవ్వండి. కారణం తెలియకపోతే ఈ గ్రౌండు ఒప్పుకోరట. ఎందుకు జరిగిందో తెలియని తప్పు మళ్లీ జరుగుతుంది అంటున్నారు."

అందరూ వెళ్లిపోయాక గీతలాయన తన తాడు తెచ్చి, ఆ అమ్మాయిని బతిమాలి తీసుకున్న స్టీలు టేపు పక్కన పరిచాడు. పద్నాలుగేళ్ల కిందట కొన్న నైలాను తాడు అది. ఒక కొస గోల్ గీత దగ్గర మేకుకి కట్టి లాగితే, ఎర్ర గుడ్డపీలిక ముడి ఉన్నచోట పెనాల్టీ చుక్క, నీలం పీలిక దగ్గర పెట్టె గీత, పసుపు పీలికతో నడిమి వృత్తం. కొన్న రోజున ఒక సర్వేయరుని పట్టుకుని వేలెడు తేడా లేకుండా కొలిపించి ఆ ముళ్లు వేశాడు. మళ్లీ ఎప్పుడూ కొలవలేదు. ఒకసారి సరిగ్గా కొలిచాక మళ్లీ కొలవడమంటే ఆ కొలతని అవమానించడమేనని ఆయన నమ్మకం. ఎర్ర పీలిక ఇప్పుడు టేపు మీద పదకొండు మీటర్ల డెబ్బై దగ్గర పడుకుని ఉంది. ఆయన చాలాసేపు దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

తాడు ఎలా సాగిందో ఆలోచించడానికి ఆయనకి పెద్దగా టైము పట్టలేదు. ఆటలు లేని మూడు నెలలూ దాన్ని స్టేడియం సామాన్ల గదిలో ఉంచితే ఎలుకలు కొరుకుతాయి. అందుకని ఏటా ఇంటికి పట్టుకెళ్తాడు. ఇంట్లో దాన్ని ఊరికే ఉంచడం ఇల్లాలికి ఇష్టం ఉండదు. ఆవిడ రెండు లాడ్జీలకి దుప్పట్లు ఉతికి, మేడ మీద ఆ తాడు కట్టి ఆరేసి ఇస్తుంది.

మధ్యాహ్నం మేడ మీదకి వెళ్లేసరికి ఆవిడ దుప్పటి పిండుతోంది. ఆయన రెండో కొస పట్టుకుని తిప్పుతూ అన్నాడు, "తాడు సాగిందే."

"ఏ తాడు?"

"నా తాడు. నీ దుప్పట్లకి."

ఆవిడ పిండడం ఆపలేదు. "పద్నాలుగేళ్లు ఆ తాడుకి అన్నం పెట్టినట్టు పని చూపించాను. లేకపోతే ఎలకల పాలయ్యేది. ఇప్పుడు తప్పు నా దుప్పట్లదా?"

"తప్పని కాదు. కారణం రాయమన్నారు."

"రాయి మరి. నా ఊసు ఎత్తకు. దుప్పట్లు అని కూడా రాయకు, లాడ్జీవాళ్లు చదివితే బావుండదు."

"మరేం రాయను?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "తడి బరువులు అని రాయి. ఎవడికీ అర్థం కాదు, అబద్ధమూ కాదు."

కారణం ఏ పేరుతో రాసినా చిక్కు ఎక్కడుందో సాయంత్రం స్టేడియం కార్యదర్శి తన గదిలోకి పిలిచాక తెలిసింది. ఆ గదిలో కార్యదర్శి కుర్చీ వెనక ఒక నిలువెత్తు ఫోటో ఉంటుంది. అందులో కార్యదర్శే, పదకొండేళ్లు చిన్నవాడు, గోల్‌కీపర్ చొక్కా వేసుకుని గాలిలో అడ్డంగా తేలుతుంటాడు. కుడిచేతి చిటికెన వేలి కొసన బంతి. ఈ మైదానంలోనే జిల్లాల కప్పు ఫైనల్, ఆఖరి నిమిషం, పెనాల్టీ. ఆ వేలి కొస ఆ బంతిని పోస్టుకి మళ్లించింది. కప్పు వచ్చింది, పేరు వచ్చింది, ఆ పేరు మీద ఈ కుర్చీ వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు ఆ వేలిని ఇప్పటికీ కాస్త ఎత్తి పెడతాడు.

"ఏమయ్యా గీతలూ, కారణం నేను చెప్తాను, రాసుకో," అన్నాడు కార్యదర్శి. "ఈ ఏడు పొరపాటున గీశాను. అంతే. ఒక్క వాక్యం."

"ఈ ఒక్క ఏడే కాదు కద సార్. తాడు ఏటా కొంచెం కొంచెం సాగింది."

"నిన్ను ఏటా సంగతి ఎవరైనా అడిగారా?"

"కారణం అని ఖాళీ ఉంది కద సార్."

"ఖాళీ ఉందని ఉన్నదంతా పోసేస్తావా?" కార్యదర్శి లేచి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు ఏటా అంటే జనం ఏమంటారు? ఆ ఏడు కూడా చుక్క దూరంగానే ఉందంటారు. అంత దూరం నుంచి తంతే ఎవడైనా ఆపుతాడంటారు. అప్పుడు నా వేలు ఏమైపోవాలి?"

గీతలాయన ఫోటో వంక చూశాడు. ఫ్రేము ఎడమవైపుకి కాస్త వాలి ఉంది. ఇన్నాళ్లూ అదే ఆయన్ని బాధిస్తూ వచ్చింది.

"ఒక్క వాక్యం రాస్తే మూడు ఆటలకీ గీతలు నువ్వే గీస్తావు," అన్నాడు కార్యదర్శి. "కాదు, తాడు భాగోతం అంతా విప్పుతానంటావా, పక్క ఊళ్లో గీతల యంత్రం ఉంది. ఫోను చేస్తే రేపు సాయంత్రానికి దిగుతుంది. మీట నొక్కితే అదే గీసుకుపోతుంది. నువ్వు గ్యాలరీలో కూచుని హాయిగా ఆట చూద్దువుగాని."

"ఆట నేను చూడను సార్," అని గీతలాయన బయటికొచ్చాడు.

పోనీ, నిజం రాస్తే సంతోషించేవాడు ఒక్కడైనా ఉంటాడు కదా అనుకుని తిన్నగా బామ్మర్ది సెలూనుకి నడిచాడు. అప్పట్లో పక్క జిల్లా జట్టుకి ఆడుతూ ఆ పెనాల్టీ తన్నింది ఈ బామ్మర్దే. ఆ రోజు నుంచి ఊళ్లో అతని పేరు వేలికొస. కన్నతల్లి కూడా ఒకసారి పొరపాటున అలాగే పిలిచింది. ఒకే బంతి ఒకడికి కుర్చీలో కూర్చునే పని చూపించింది, ఇంకొకడికి కుర్చీ వెనక నిలబడే పని చూపించింది.

వేలికొస బావని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, నురగ రాశాడు. పక్కన బెంచీ మీద కిరాణా కొట్టాయన పేపరు చదువుతూ తన వంతు కోసం చూస్తున్నాడు.

"పెనాల్టీ చుక్క దూరంగా ఉందట," అన్నాడు గీతలాయన నురగలోంచి.

కత్తి ఆగింది. "ఎంత?"

"ఇప్పుడు డెబ్బై సెంటీమీటర్లు. నువ్వు తన్నిన నాడూ ఎంతో కొంత ఉండే ఉంటుంది. తాడు సాగింది. రాద్దామనుకుంటున్నా."

కిరాణా కొట్టాయన పేపరు దించాడు. "అయితే పదకొండేళ్లుగా నిన్ను అన్యాయంగా ఏడిపించామన్నమాట వేలికొసా. ఇవాళ్టి నుంచి మానేస్తాం లే."

బామ్మర్ది మొహం చూస్తే ఎవరో షాపు ఖాళీ చెయ్యమన్నట్టుంది. గడ్డం గీయడం గబగబా ముగించాడు. గుడ్డ దులిపి, బావని చెయ్యి పట్టుకుని వెనక నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు.

"బావా, నీకు దణ్ణం పెడతా. రాయకు."

"అదేంట్రా. నీ తప్పు కాదని నలుగురికీ తెలుస్తుంది కదా."

"తెలిసి ఏం చేస్తారు? ఆ బెంచీ మీద కూచున్నాయన క్షవరానికొచ్చాడనుకున్నావా? నన్ను ఏడిపించడానికొచ్చాడు. పనిలో పనిగా క్షవరం చేయించుకుంటాడు. సందు చివర షాపులో ఏసీ ఉంది, తిరిగే కుర్చీలున్నాయి, మెడకి పౌడరు కొడతారు. నాకేముంది? ఆ పెనాల్టీ ఉంది. అది కూడా నువ్వు లాక్కుపోతానంటే మీ అక్కాతమ్ముళ్ల మధ్య నేనేం మాట్లాడను, నీ ఇష్టం."

"అక్క నీదిరా."

"ఎవరిదైతే ఏం, నువ్వు మాత్రం రాయకు."

గీతలాయన ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చున్నాడు. కారణం అన్నచోట గీతల్లేని తెల్ల ఖాళీ అది. అలాంటి దాని మీద రాస్తే అక్షరాలు పైకెక్కుతాయి. అందుకని కూతురి స్కూలు సంచీలోంచి స్కేలు తీసి, ముందు పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. పద్దెనిమిది గీతలు. ఎంత తిన్నగా వచ్చాయంటే, వాటి వంక చూస్తూ రెండు నిమిషాలు అలాగే ఉండిపోయాడు. తరవాత మొదటి గీత మీద "ఈ ఏడు పొరపాటున" అని రాద్దామని కలం పెట్టాడు. చెయ్యి కదలలేదు. యంత్రం గుర్తుకొచ్చింది. మీట నొక్కితే గీసుకుపోయే యంత్రం, దాని మీద కూర్చుని బీడీ కాల్చుకునే ఎవడో ఒకడు, తన మైదానంలో, తన నడిమి వృత్తం మీద. మళ్లీ కలం పెట్టాడు. మళ్లీ కదలలేదు. అంత తిన్నని గీతల మీద ఆ మాట ఎలా పెట్టినా వంకరగానే కూర్చునేట్టుంది.

భార్య వచ్చి భుజం మీంచి తొంగిచూసింది. "ఇంకా గీతలేనా? రాత ఏదీ?"

"ఉన్నది రాస్తే నా పని పోయేట్టుంది."

"లేనిది రాస్తే?"

"రాయడం రావట్లేదు."

"అయితే గొడవేముంది," అని ఆవిడ లోపలికి పోయింది. గుమ్మం దాటాక గుర్తుచేసింది, "తడి బరువులు."

ఆయన ఉన్నది ఉన్నట్టు రాశాడు. తాడు కొన్న ఏడు, కట్టిన ముళ్లు, తడి బరువులు, ఏటా ఇంచుమించు ఐదు సెంటీమీటర్ల చొప్పున సాగి ఉంటుందన్న లెక్క. పద్దెనిమిది గీతలూ సరిపోయాయి.

బుధవారం పొద్దున మైదానంలో తెలుగు చెప్పే అమ్మాయి ఆ కాగితాన్ని అధికారిణికి చదివి వినిపించింది. కార్యదర్శి పక్కనే నిలబడి, మొదటి వాక్యం వినగానే ఫోను తీసి పక్క ఊరి యంత్రంవాళ్లని సాయంత్రానికి రమ్మన్నాడు. వేలికొస కూడా షాపు మూసి వచ్చాడు, ఆఖరి నిమిషంలోనైనా బావ కాళ్లు పట్టుకుందామని. వచ్చేసరికే ఆలస్యమైంది.

అధికారిణి ఏదో అడిగింది. అమ్మాయి చెప్పింది, "ఏటా ఐదు అని రాశారు. ఎలా తెలుసు? కొలవలేదని మీరే రాశారు కదా అంటున్నారు."

గీతలాయన చుక్క వంక చూశాడు. తరవాత తల గోక్కున్నాడు. తరవాత, "తవ్వొచ్చా అని అడగమ్మా," అన్నాడు.

అంతర్జాతీయ పోటీలకి ఎనిమిది రోజులుందనగా పెనాల్టీ చుక్కని తవ్వుతానంటే ఎవరైనా ఏమంటారు? కార్యదర్శి చేతిలో ఫోను జారింది. అధికారిణి మాత్రం చేతులు కట్టుకుని తలాడించింది.

ఏటా ఆటలు మొదలయ్యే ముందు అక్కడ గడ్డి చచ్చిన చోట పలచగా మట్టి పరిచి, దాని మీద సున్నంతో చుక్క పెట్టడం ఆయన పద్ధతి. ఆ సంగతి ఆయనకి తప్ప ఎవరికీ పట్టలేదు. ఆయన పార తీసుకుని, చుక్క దగ్గర్నుంచి గోల్ వైపుకి మీటరు పొడవున, జానెడు లోతున, కత్తితో రొట్టె కోసినంత నున్నగా ఒక పక్క కోశాడు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తుడిచాడు.

మట్టిలో తెల్లటి పొరలు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి సగం ఎక్కి, ఒక్కొక్కటి కిందదానికంటే వేలెడంత వెనక్కి జరిగి. అడుగునున్నది గోల్‌కి అన్నిటికంటే దగ్గర, పైనున్నది అన్నిటికంటే దూరం. ఎవరో పిల్లల కోసం కట్టిన చిన్న మెట్ల వరసలా ఉంది. అందరూ వంగి చూశారు.

"అడుగుది కొలవండి," అన్నాడు గీతలాయన.

అధికారిణి స్వయంగా మోకరించి కొలిచింది. సరిగ్గా పదకొండు.

"కొత్త తాడు," అన్నాడు ఆయన. ఆ రెండు మాటల్లో ఆయనకున్న గర్వం అంతా ఉంది. "అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. పదిహేను మెట్లు, కొన్న ఏడుతో కలిపి పదిహేను ఏళ్లు."

అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టింది. పదిహేనే. కార్యదర్శీ వేలికొసా ఒకేసారి ఒకే లెక్క మనసులో వేసుకుని, ఒకేసారి ముందుకి వంగి, తలలు ఢీకొట్టుకున్నారు.

"జిల్లాల కప్పు ఎన్నో మెట్టు?" అన్నాడు కార్యదర్శి తల రుద్దుకుంటూ.

"కింద నుంచి నాలుగోది సార్."

అధికారిణికి ఆ గొడవ తెలియదు. అయినా అడిగారు కదా అని నాలుగో మెట్టు కొలిచింది. పదకొండు మీటర్ల పదిహేను.

ముందు కార్యదర్శి ఊపిరి వదిలాడు. "పదిహేనంటే జానెడు కూడా కాదు. జానెడు కూడా కాని దూరానికి నా వేలు ఏమీ మాసిపోదు."

"జానెడు కాకపోయినా ఉంది కద సార్," అన్నాడు వేలికొస. "అసలే లేదనడానికి లేదు."

"ఉందంటే ఉంది, లేదంటే లేదు."

"అదే నేనూ అంటున్నా. షాపుకి రండి సార్, కూచుని తేల్చుకుందాం."

పదకొండేళ్లలో కార్యదర్శి ఆ షాపులో అడుగుపెట్టడం ఆ సాయంత్రమే మొదలు. తేలలేదని వేరే చెప్పక్కర్లేదు. కిరాణా కొట్టాయన, ఇంకో ఆరుగురు ఒక స్కేలు పట్టుకుని పది గంటల దాకా వాదించారని, ముగ్గురు అవసరం లేకపోయినా క్షవరం చేయించుకున్నారని తరవాత విన్నాం.

మైదానంలో అధికారిణి ఆ మట్టి మెట్లని ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకుంది. తరవాత అమ్మాయితో ఏదో చెప్పింది.

"చాలా దేశాల్లో తప్పు చుక్కలు చూశానంటున్నారు," అంది అమ్మాయి. "కారణం అడిగితే అందరూ వాన అంటారట. లేకపోతే ముందు పనిచేసినాయన అంటారట. ఏడాదీ ఏడాదీ విడివిడిగా దాచిపెట్టిన తప్పు మాత్రం ఇదే మొదటిదట." అధికారిణి స్టీలు టేపు కొస గీతలాయన ముందు చాపింది. అమ్మాయి అది కూడా చెప్పింది, "ఆ కొస పట్టుకోమంటున్నారు. ఇప్పుడే మొదలుపెడదామట."

ఆయన బకెట్టు కింద పెట్టాడు. గడ్డి మీద మరక పడింది. చూసుకోలేదు.

కార్యదర్శి తన పని తాను చేశాడనే చెప్పాలి. యంత్రంవాళ్లకి మళ్లీ ఫోను చేసి, అవసరం లేదు, మా దగ్గర మనిషి ఉన్నాడు అన్నాడు. ఎలాంటి మనిషని వాళ్లడిగితే మాత్రం ఫోను పెట్టేశాడు.

మొదటి ఆట ఎర్ర చొక్కాల దేశానికీ నీలం చొక్కాల దేశానికీ పడింది. స్టేడియం నిండిపోయింది. ఆ పిల్లలు చూడ్డానికి పదహారేళ్ల వాళ్లే గానీ, పరుగెత్తితే నేల అదిరింది. మీసాలు ఇంకా రాని మొహాలు, గీతల మీద మాత్రం ఏమాత్రం దయలేని కాళ్లు. గీతలాయన మూల జెండా పక్కన బకెట్టుతో గొంతుక్కూర్చుని, ఏ గీత ఎంత పోయిందో మనసులో రాసుకుంటున్నాడు. పక్క గీత బాగానే నిలబడింది. పెట్టె గీత ఎడమవైపు పలచబడింది. నడిమి వృత్తాన్ని నీలం చొక్కాల తొమ్మిదో నంబరు కుర్రాడు ఒక్కడే సగం తినేశాడు. జనం రెండుసార్లు లేచి అరిచారు. ఎందుకో ఆయనకి తెలియదు.

ఇంక ఆరు నిమిషాలుందనగా ఎర్ర చొక్కాల వాళ్లకి పెనాల్టీ వచ్చింది. అప్పుడు మాత్రం ఆయన తలెత్తాడు. రిఫరీ బంతిని చుక్క మీద పెట్టించాడు. బంతి కింద చుక్క సున్నం అంచు నలువైపులా సమానంగా కనిపించింది. ఆయనకి అది చాలు. కుర్రాడు వెనక్కి వెళ్లి, ఊపిరి పీల్చుకుని, పరుగెత్తుకొచ్చి తన్నాడు. బంతి గోల్ మీంచి, గ్యాలరీ మీంచి, ప్రహరీ మీంచి పోయి బయట రోడ్డు మీద పడింది. ఎవరిదో కారు హారను చాలాసేపు మోగుతూనే ఉంది. ఎర్ర చొక్కాలు ఓడిపోయాయి.

ఆట అయిన ఐదు నిమిషాలకి కార్యదర్శి చెమటలు కక్కుకుంటూ, చేతిలో ఒక కాగితం ఊపుకుంటూ మైదానం అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. వెనకే ఆ అమ్మాయి, ఆ వెనక ఒంటికాలి మీద లేస్తున్న ఎర్ర చొక్కాల కోచ్.

"ఏమయ్యా గీతలూ, కొంప మునిగింది. చుక్క దూరంగా ఉంది, అందుకే మా కుర్రాడి బంతి అలా పోయిందని వీళ్లు రాసిచ్చారు. అధికారిణి నిన్నే సమాధానం చెప్పమంటోంది. ఏం చెప్పను?"

గీతలాయన చెరిగిపోయిన మూల గీత వంక చూస్తూ, తలెత్తకుండానే అన్నాడు, "కొలుచుకోమనండి సార్."